తూటాలో మందు – నా ఒహాయో అనుభవం

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోను చేసి, "ఈసారి మీరు మాట్లాడాలండీ, విషయం చెబితే కార్డులో వేయిస్తాను" అన్నారు. "మందు ఎంపిక" అని చెప్పాను. కార్డు చూసినవాళ్లలో సగం మంది నేను బి.పి. మాత్రల గురించి చెబుతానని వచ్చారు. మిగతా సగం ఎందుకొచ్చారో వాళ్ల ముఖాలు చూస్తే తెలుస్తూనే ఉంది. రెండు వర్గాలకూ క్షమాపణలు. నేను చెప్పబోయేది తుపాకి మందు గురించి. నాకు తెలిసిన మందు అదొక్కటే.

ఇక్కడ రైల్వేవాళ్లు, పోస్టల్‌వాళ్లు, ఏజీ ఆఫీసువాళ్లు ఎక్కువ. కాబట్టి నా సర్వీసు గురించి రెండు ముక్కలు చెప్పాలి. నేను నీలగిరి కొండల్లో, కూనూరు నుంచి ఊటీ వెళ్లే చిన్న రైలు దారిలో ఉన్న అరువంకాడు కార్డైట్ ఫ్యాక్టరీలో పనిచేశాను. అది 1903లో స్థాపించిన ఫ్యాక్టరీ. 2021 అక్టోబరు నుంచి మ్యూనిషన్స్ ఇండియా అనే ప్రభుత్వ కంపెనీ కింద ఉంది. నేను 2004లోనే రిటైరయ్యాను కనుక ఆ మార్పు నాకు పేపర్లో చదివిన వార్తే. నాది లేబొరేటరీ పని. తయారైన మందును పరీక్షించి ఇది పనికొస్తుంది, ఇది పనికిరాదు అని సంతకం పెట్టడం. కార్డైట్ అంటే సన్న సేమియాలాంటి పుల్లలు. పాత .303 తూటా విప్పితే లోపల కట్టగట్టి కనబడేవి. 1889లో ఇంగ్లండులో కనిపెట్టినప్పుడు నూటికి 58 పాళ్లు నైట్రోగ్లిజరిన్, 37 పాళ్లు గన్‌కాటన్, 5 పాళ్లు వాజలైన్ కలిపేవారు. అవును, పెదాలు పగిలితే రాసుకునే వాజలైనే. గొట్టం లోపల రాపిడి తగ్గుతుందని కలిపారు. తీరా చూస్తే అది మందును చెడిపోకుండా కాపాడుతోందని తేలింది. సైన్సులో ఇలాంటి అదృష్టాలు అప్పుడప్పుడు ఉంటాయి.

ఇక అసలు కథ. 2022 మే నెలలో నేను, మా ఇంటావిడ ఒహాయో రాష్ట్రంలో ఉన్న మా అబ్బాయి దగ్గరకు ఆరు నెలలకు వెళ్లాం. వాడు కంప్యూటర్ ఇంజనీరు. అక్కడి పౌరసత్వం వచ్చాక పిస్టల్ క్లబ్బులో చేరాడు. ఆ రాష్ట్రంలోనే ఈరీ సరస్సు ఒడ్డున క్యాంప్ పెరీ అనే చోట 1907 నుంచి జాతీయ పోటీలు జరుగుతున్నాయి. ఏనాటికైనా అక్కడ నిలబడి కాల్చాలని వాడి కోరిక. ఈ సంగతి నాకు ఫోనులో ఎప్పుడూ చెప్పలేదు. వెళ్లిన మూడో రోజు, ఇంటి కింద గదిలో పాత సూట్‌కేసు పెట్టడానికి దిగితే బల్ల మీద ప్రెస్సు, త్రాసు, ఇత్తడి గుల్లల డబ్బాలు, పక్కన మందు డబ్బా. మెట్ల మీద ఏడేళ్ల మనవరాలి బొమ్మలు!

మిత్రులారా, నేను ముప్పై ఎనిమిదేళ్లు గేటు దగ్గర అగ్గిపెట్టె ఉందా అని జేబులు తడిమించుకుని లోపలికి వెళ్లినవాణ్ణి. మేకులున్న చెప్పులు వద్దు, నైలాను చొక్కా వద్దు. అలాంటివాడి కొడుకు ఇంట్లో మందు నింపుతున్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా ఇంటావిడ మాత్రం "వాడికి మీ పోలికే వచ్చింది" అని సంతోషపడింది.

అక్కడ అది చట్టవిరుద్ధం కాదు. సొంత వాడకానికి తూటాలు నింపుకునేవాళ్లు ఆ దేశంలో లక్షల్లో ఉన్నారు. ఇళ్లలో 20 పౌండ్ల వరకు, అసలు డబ్బాల్లోనే ఉంచాలని అక్కడి అగ్నిమాపక నియమావళి చెబుతుంది. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం నేరం. ఈ ప్రసంగం విని ఎవరూ ఇంటికెళ్లి ప్రయోగాలు చేయవద్దని మనవి. నాకు ఇంకో చిక్కు ఉంది. విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్ల దగ్గర తుపాకిగాని, తూటాగాని ఉండకూడదు. వాళ్ల చట్టంలో తూటా అంటే గుల్ల, ప్రైమరు, గుండు, మందు అన్నీ కలిపే. అంటే జీవితమంతా మందుతో బతికిన నేను అక్కడ చిటికెడు మందు ముట్టుకోవడానికి లేదు. అందుకని రోజూ రాత్రి చేతులు వెనక్కి కట్టుకుని బల్ల పక్కన నిలబడేవాణ్ణి. కళ్లు, ముక్కు, నోరు మాత్రమే పనిచేసేవి. నోరు ఎక్కువ పనిచేసిందని మా అబ్బాయి అభిప్రాయం.

తూటా నింపడం అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం చెబుతాను. కాల్చాక గుండు పోతుంది, మందు కాలిపోతుంది, ఇత్తడి గుల్ల మిగులుతుంది. తూటాలో ఖరీదైన భాగం అదే. దానిని మళ్లీ కొలతకు నొక్కి, అడుగున కొత్త ప్రైమరు పెట్టి, మందు పోసి, పైన గుండు బిగిస్తే మళ్లీ తూటా. చిన్న .22 తూటాకు ఇది కుదరదు. దాని ప్రైమరు మసాలా అంచులోనే ఉంటుంది కాబట్టి ఒకసారి కాలిస్తే దాని పని అయిపోయినట్లే. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ కాల్చే 25 మీటర్ల పిస్టల్ పోటీ ఆ .22 తోనే. 1994 హిరోషిమా ఆసియా క్రీడల్లో జస్పాల్ రాణా బంగారు పతకం తెచ్చిన సెంటర్ ఫైర్ పోటీ వేరు. దాని తూటాకు ప్రైమరు అడుగున మధ్యలో ఉంటుంది. అలాంటివే మళ్లీ నింపగలిగేవి.

మా అబ్బాయిది .38 స్పెషల్ రివాల్వరు. అందులో వాడే గుండు ముందువైపు బల్లపరుపుగా ఉంటుంది. కాగితానికి తగిలితే మన ఆఫీసు పంచింగ్ మెషీన్ చేసినట్లు గుండ్రంగా రంధ్రం పడుతుంది. స్కోరు లెక్కపెట్టడంలో తగాదా ఉండదు. ఈ గుండును ఉరికించవలసిన పని లేదు. సెకనుకు ఏడెనిమిది వందల అడుగుల వేగం చాలు. కాగితాన్ని చంపనక్కరలేదు కదా. తూటా తూటాకూ అదే వేగం రావాలి, చేతికి తన్ను తక్కువ ఉండాలి.

ఇక్కడే మందు ఎంపిక వస్తుంది. పాలు కాయడానికి ఎండు కొబ్బరాకు మంట వేరు, చింతమొద్దు మంట వేరు అని మన ఆడవాళ్లకు తెలుసు. తుపాకి మందులూ అంతే. అన్నీ పేలవు, కాలతాయి. కొన్ని గభాలున, కొన్ని నిదానంగా. పొడుగు గొట్టం రైఫిలుకు నిదానం మందు కావాలి. పిస్టల్ గొట్టం జానెడు కూడా ఉండదు. గుండు సెకనులో వెయ్యో వంతు ప్రాంతంలో బయటపడుతుంది. పైగా మనం పోసేది తక్కువ. అక్కడ నిదానం మందు వేస్తే ఒత్తిడి చాలక సగం కాలి సగం కాలకుండా గొట్టంలో రేకులు మిగులుతాయి. వేగం ఒక్కొక్క తూటాకు ఒక్కో రకంగా వస్తుంది. అందుకని లక్ష్యం మీద కాల్చే పిస్టల్‌కు త్వరగా కాలే మందే సరైనది. ఇందులో మా అబ్బాయికీ నాకూ భేదాభిప్రాయం లేదు.

వాడు ఎంచుకున్నది బుల్స్ఐ అనే మందు. 1898 నుంచి ఉంది. సన్నని రేకులు, నైట్రోగ్లిజరిన్ పాలు ఎక్కువ. ఈ .38 బల్లపరుపు గుండుకు 2.7 గ్రెయిన్లు అని తరతరాలుగా పేరుపడ్డ కొలత. (ఎవరైనా రాసుకుంటుంటే ఆపండి. కొలత అనేది మందు తయారీదారు అచ్చువేసిన పుస్తకం నుంచి తీసుకోవాలి, ముసలివాడి ఉపన్యాసం నుంచి కాదు.) మన కంసాలి గురిగింజ ఎత్తు సుమారు రెండు గ్రెయిన్లు. అంటే తూటాకు ఒకటిన్నర గురిగింజల కంటే తక్కువ మందు. పౌనుకు 7000 గ్రెయిన్లు కనుక ఒక్క డబ్బాకు రెండున్నర వేల తూటాలు. మా అబ్బాయి ఆ లెక్క చెప్పి మురిసిపోయేవాడు. ఆ పొదుపే నన్ను భయపెట్టింది.

ఎందుకంటారా? .38 స్పెషల్ గుల్ల 1890ల చివర్లో పుట్టింది. అప్పుడు అందులో పోసింది పాతకాలపు నల్లటి తుపాకి మందు. నల్లమందు అంటే అభిని అనుకోకండి, మన మతాబుల్లోని సురేకారం, గంధకం, బొగ్గు. అది సుమారు 21 గ్రెయిన్లు పట్టేట్లు గుల్ల చేశారు. అంత గుల్లలో 2.7 గ్రెయిన్ల బుల్స్ఐ పోస్తే ఐదో వంతు కూడా సరిగా నిండదు. పొరపాటున రెండుసార్లు పోసినా పొంగదు. మూడుసార్లు పోసినా పొంగదు! గుల్ల ఏమీ చెప్పదు, నోరు మూసుకుని తీసుకుంటుంది. మందు రెట్టింపైతే ఒత్తిడి రెట్టింపుతో ఆగదు. ఒత్తిడి పెరిగితే మందు ఇంకా త్వరగా కాలుతుంది, త్వరగా కాలితే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. వడ్డీ మీద వడ్డీ. రివాల్వరు పగిలినా పగలవచ్చు, దానిని పట్టుకున్నది నా కొడుకు చెయ్యి.

"ఒరేయ్, మందు మంచిదే. నీ గుల్లకు మాత్రం అది సరిపడదు. ఇంకా గుల్లగా ఉండే, ఎక్కువ చోటు ఆక్రమించే మందు చూడు" అన్నాను.

"నాన్నా, నూట ఇరవై ఏళ్లుగా అందరూ వాడుతున్నారు. మీ ఫ్యాక్టరీవాళ్లు ప్రతిదానికీ భయపడతారు" అన్నాడు.

ఆ మాట నన్ను గుచ్చుకుంది. నాలుగు రోజులు కింద గదిలోకి దిగలేదు. కోడలు ఇద్దరి మధ్య కాఫీ కప్పులు మోసింది.

ఆ మధ్యలో ఇంకో సంగతి జరిగింది. అప్పట్లో అమెరికాలో మందుకు, ప్రైమర్లకు కరువు. 2020 నుంచి మొదలై అప్పటికీ షాపుల్లో అరలు ఖాళీ. వీధి చివరి ఇంటి పెద్దావిడ, భర్త పోయిన మనిషి, "మా ఆయన సామాను నీకు పనికొస్తుందేమో" అని మా అబ్బాయికి ఒక అట్టపెట్టె ఇచ్చింది. కరువులో దొరికిన పెన్నిధి! అందులో మూడు డబ్బాలు. ఒకటి సీలు తీయనిది, రెడ్ డాట్ అని పేరు, లాట్ నంబరు ఉన్నాయి. రెండోది సగం వాడిన బుల్స్ఐ. మూడోది పేరు లేని రేకు డబ్బా. మా వాడు మొహమాటపడుతూ పైకొచ్చి, "నాన్నా, ఒకసారి చూస్తారా" అన్నాడు. నాలుగు రోజుల అలక అక్కడితో సరి.

డబ్బాలు గరాజు బయటకు తీసుకెళ్లి వాడినే మూత తీయమన్నాను. మంచి మందుకు ఈథరు, స్పిరిట్ లాంటి వాసన ఉంటుంది. మూడో డబ్బా మూత తీయగానే ముక్కు మండింది, ఆమ్లం వాసన. మూత లోపల తుప్పు, మందు మీద ఎర్రమట్టిలాంటి పొడి. ల్యాబులో ఇలాంటి వాటి కోసమే మేము స్టార్చి కాగితం కట్టి వేడి పరీక్ష చేసేవాళ్లం. మందు తనంతట తానే నెమ్మదిగా విరుగుతూ ఆమ్లపు ఆవిర్లు వదులుతుంది. వాటిని పీల్చుకోవడానికి డైఫినైల్ అమీన్ అనే పదార్థం కొద్దిగా కలుపుతారు. అది మందుకు పి.ఎఫ్. లాంటిది. ఉన్నన్నాళ్లూ ఎవరికీ ఏమీ తెలియదు, అయిపోయిన రోజున కష్టాలు మొదలు. ఈ డబ్బాకు అయిపోయింది. అలాంటిది వేసవిలో వేడెక్కి తనంతట తానే అంటుకోవచ్చు. వెంటనే నీళ్లు నిండా పోయించి, ఊరి ఫైర్ స్టేషనుకు ఫోను చేయించాను. వాళ్లు వచ్చి తీసుకెళ్లారు. పెద్దావిడ ఇంట్లో అది ఎన్ని వేసవులు కూర్చుందో!

"సరే, ఈ సగం బుల్స్ఐ బాగానే ఉందిగా, వాసన కూడా మంచిదే" అన్నాడు. వద్దన్నాను. వాడికి కోపం వచ్చింది, డబ్బా మీద పేరుంది కదా అని. అప్పుడు కూర్చోబెట్టి చెప్పాను. మందు ప్రతి లాటూ ఒకేలా కాలదు. తూటా ఫ్యాక్టరీ పెద్ద ఎత్తున కొంటుంది. వాళ్లకు ఒత్తిడి కొలిచే ప్రత్యేకమైన గొట్టం ఉంటుంది. లాటు మారితే కొలత మార్చుకుంటారు. ఇళ్లలో నింపుకునేవాళ్లకు అమ్మే చిన్న డబ్బా మందును మాత్రం లాట్లు కలిపి, ఎప్పుడూ ఒకే తీరున కాలేట్లు సరిచేసి అమ్ముతారు. ఇంట్లో ఒత్తిడి కొలిచే గొట్టం లేదు. డబ్బా మీది పేరే నీ గొట్టం. సీలు తీసిన డబ్బాలోకి ఎవరు ఏ మందు తిరిగి పోశారో ఆయన చెప్పడానికి లేడు. చూసి గుర్తుపట్టడమా? నేను ముప్పై ఎనిమిదేళ్ల సర్వీసు తర్వాత కూడా కంటితో చూసి మందు పేరు చెప్పలేను. రేకులన్నీ రేకుల్లానే ఉంటాయి.

వాడు ఏమీ అనలేదు. ఆ సగం డబ్బా కూడా ఫైర్‌వాళ్లకే పోయింది. సీలున్న రెడ్ డాట్‌ను మాత్రం అరలో పెట్టి, తన పాత బుల్స్ఐతోనే పని సాగించాడు. కొంత గెలిచాను, కొంత ఓడాను.

జూలై నెలలో ఒక రాత్రి. యాభై రంధ్రాల చెక్కలో యాభై గుల్లలు నిలబెట్టి మందు పోస్తున్నాడు. ఆఫీసు నుంచి ఫోను. ఏదో సర్వరు ఆగిపోయిందట. ఒక చేత్తో ఫోను, మాట్లాడుతూ మాట్లాడుతూ ఆపాడు, మళ్లీ మొదలుపెట్టాడు. అయ్యాక గుండ్లు బిగించడానికి చెయ్యి చాపితే, "ఒక్క నిమిషం ఆగు" అని టార్చి వేసి వరుసగా చూశాను. టార్చి పట్టుకోవడానికి వీసా అడ్డు రాదు. మూడో వరుసలో ఆరోది. లోపల మట్టం కొంచెం పైకి ఉంది. కొంచెమే.

"అది తూచు" అన్నాను.

త్రాసులో పోశాడు. 5.4 గ్రెయిన్లు.

ఇద్దరం చాలాసేపు మాట్లాడలేదు. పైన మనవరాలు పరుగెత్తుతున్న చప్పుడు వినిపిస్తోంది. వాడు యాభై గుల్లల మందూ తిరిగి డబ్బాలో పోసేశాడు. ఫోను తీసుకెళ్లి పై అంతస్తులో పెట్టి వచ్చాడు. నేను ఒక్క మాట అనలేదు. అనాలని చాలా అనిపించిందని మీ ముందు ఒప్పుకుంటున్నాను.

మర్నాడు తయారీదారు పుస్తకం తెరిచి రెడ్ డాట్ పేజీ వెతికాడు. అది 1930ల నుంచి ఉన్న మందు. ముఖ్యంగా షాట్‌గన్ తూటాలకు చేసింది. అక్కడక్కడ ఎర్రరంగు రేకులు కలిపి ఉంటాయి, గుర్తు కోసం. ఇదీ త్వరగా కాలేదే. రేకులు పెద్దవి, గుల్లగా పేలాల్లా ఉంటాయి. అదే పని చేసే కొలత గుల్లలో ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రెండుసార్లు పోస్తే సగం దాటిపోతుంది, టార్చి లేకుండానే కనబడుతుంది. చేగోడీల్లా మధ్యలో చిల్లి ఉన్న ట్రెయిల్ బాస్ అనే మందు అయితే రెట్టింపు పోస్తే గుల్ల అంచు దాకా వస్తుంది. అది ఆ కరువులో దొరకలేదు.

లోపం లేదని కాదు. పెద్ద రేకులు కొలిచే డ్రమ్ములో సాఫీగా జారవు. బుల్స్ఐ గసగసాల్లా జారితే ఇది అటుకుల్లా అడ్డం పడుతుంది. మా వాడు పదిసార్లు పోసి పదీ తూచి, ఒక గ్రెయినులో పదో వంతు, అప్పుడప్పుడు రెండు వంతులు తేడా వస్తోందని మొహం ముడిచాడు. యాభై గజాల దూరంలో పది మార్కుల వలయం సుమారు మూడున్నర అంగుళాలు. "నీ చెయ్యి వణుకు ఎంతో ముందు కొలువు, తర్వాత మందు సంగతి చూద్దాం" అన్నాను. ఒంటి చేత్తో నిలబడి కాల్చే ఆట అది. రెడ్ డాట్‌తో వాడి స్కోరు పెరగలేదు, తగ్గనూ లేదు. క్లబ్బులో బుల్స్ఐ వాడే పెద్దలు ఇప్పటికీ వాడుతున్నారు, బాగానే కాలుస్తున్నారు. వాళ్లకు సర్వరు ఆగిపోయిందని రాత్రి పదింటికి ఫోన్లు రావు.

నవంబరులో తిరిగొచ్చేశాం. లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి కదా. ఫోనులో ముఖం చూపించి ఇవ్వవచ్చని తెలిసినా, బ్యాంకుకు వెళ్లి నలుగురిని పలకరించి వస్తేగాని నాకు బతికున్నట్లు ఉండదు.

వచ్చే ముందు రోజు మా అబ్బాయి కింద గదికి తాళం ఉన్న తలుపు పెట్టించాడు, నేను అడగకుండానే. బల్ల మీద ఒకసారికి ఒకే డబ్బా, పని అవగానే డ్రమ్ములో మిగిలిన మందు దాని డబ్బాలోకే. ఇవి మా ల్యాబు అలవాట్లు. ఇప్పుడు వాడివి అయ్యాయి. ఇంకో అలవాటు ఇద్దరికీ అయింది. తూటాలు నింపే రోజున గుండ్లు బిగించే ముందు యాభై గుల్లల చెక్కను పైనుంచి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతాడు. నేను కళ్లజోడు పెట్టుకుని, వేళ్లతో ఫొటో పెద్దది చేసి, వరుసవారీగా చూసి జవాబిస్తాను. అప్పటిదాకా వాడు గుండు బిగించడు. మా ఇంటావిడ దీనిని "మీ ఇద్దరి సంధ్యావందనం" అంటుంది.

ఈ ఉదయం ఇక్కడికి బయలుదేరే ముందు ఒక ఫొటో వచ్చింది. నాలుగో వరుసలో రెండోది నీడ వల్లనో ఏమో సరిగా కనబడలేదు. దానిని మళ్లీ తూచమని రాశాను. ఇంకా జవాబు రాలేదు. అందుకే మాట్లాడుతూ మధ్యమధ్యలో ఫోను చూస్తున్నాను, మన్నించండి.